ముంగురులు కట్ చేయించుకునే ముందు... మీ సుడి ఎటు తిరిగిందో చూశారా?

జూబ్లీ హిల్స్ రోడ్ నంబర్ 36లో ఏదో ఒక సాయంత్రం అరగంట నిలబడితే చాలు, ఇప్పుడు ఏ హెయిర్ కట్ నడుస్తోందో తెలుసుకోడానికి ఇన్‌స్టా తెరవక్కర్లేదు. కేఫ్ మెట్ల మీద ఒకమ్మాయి కర్టెన్ బ్యాంగ్స్‌తో ఉంటుంది, బుగ్గలకి అటొకటి ఇటొకటి రెండు పాయలు తెరల్లా వదిలేసి. పక్కనే ఆమె ఫ్రెండ్, కొరియన్ డ్రామాలోంచి నేరుగా దిగినట్టు, నుదురు కనపడీ కనపడనట్టు పల్చటి బ్యాంగ్స్‌తో. ఇంతలో ఓ స్కూటీ వచ్చి ఆగుతుంది. హెల్మెట్ తీయగానే మూడో రకం బయటపడుతుంది: చెమటకి తడిసి, నాలుగు పాయలుగా చీలిపోయి, నుదుటికి అతుక్కుపోయిన బ్యాంగ్స్. ఈ మూడో రకాన్ని ఏ రీల్‌లోనూ చూపించరు. మన ఊళ్లో మనం ఎక్కువగా కాపురం చేసేది మాత్రం దానితోనే.

'నా ముఖానికి బ్యాంగ్స్ బాగుంటాయా?' అని ఎవర్ని అడిగినా ఒకటే మాట. ముందు మీ ఫేస్ షేప్ తెలుసుకోండి, గుండ్రమా కోలా చూసుకోండి అని. తప్పేం కాదు. కాకపోతే అది మూడో ప్రశ్న. మొదటి ప్రశ్న, మీ నుదుటి అంచున జుట్టు ఎటువైపు మొలుస్తోంది? రెండోది, పొద్దున్న లేచినప్పటి నుంచి రాత్రి దాకా మీ రోజు ఎలా గడుస్తుంది? ఈ రెండూ చూసుకోకుండా సెలూన్ కుర్చీలో కూర్చున్నవాళ్లే రెండో వారానికల్లా హెయిర్‌బ్యాండ్ కొనుక్కుంటారు.

పేరుకి ఇది కొత్త ఫ్యాషన్‌లా వినిపిస్తుంది గానీ, దీనికి మన దగ్గర చక్కటి పాత మాటే ఉంది. ముంగురులు. ముందుండే కురులు. అమెరికా వాళ్లు బ్యాంగ్స్ అంటారు, ఇంగ్లండ్ వాళ్లు ఫ్రింజ్ అంటారు, మన పార్లర్లలో నిన్నమొన్నటి దాకా 'ఫ్లిక్స్' అనో 'ఫ్రంట్ కట్' అనో అడిగేవాళ్లం. అమ్మమ్మలయితే ఇప్పటికీ ఇంకో పేరు చెబుతారు: సాధనా కట్.

ఒక నుదురు, ఒక సినిమా

ఆ పేరు వెనక కథ తెలిస్తే సగం విషయం తెలిసిపోయినట్టే. 1960లో 'లవ్ ఇన్ సిమ్లా' అనే హిందీ సినిమా వచ్చింది. హీరోయిన్‌గా సాధనకి అదే తొలి పెద్ద అవకాశం. దర్శకుడు ఆర్.కె. నయ్యర్. సాధనది వెడల్పాటి నుదురు. కెమెరాలో అది ఇంకాస్త పెద్దదిగా కనపడుతోందనిపించింది. జుట్టు మొదలయ్యే చోటుని కాస్త కిందికి దించినట్టు చూపించడానికి మొదట వేరే ఉపాయాలు చూశారని చెబుతారు. అవి కుదరలేదు. అప్పుడు హాలీవుడ్ తార ఆడ్రీ హెప్‌బర్న్ గుర్తొచ్చింది. 'రోమన్ హాలిడే' (1953)లో పొడుగు జుట్టు కత్తిరించేసుకుని, నుదుటి మీద కురచ ముంగురులతో రోమ్ వీధుల్లో తిరిగిన యువరాణి ఆవిడే. ఆ పద్ధతిలో సాధన ముందు జుట్టు కత్తిరించారు. సినిమా ఆడింది. ఆ కట్‌కి ఆమె పేరే పడిపోయింది. దేశంలో ఏ ఊరి అమ్మాయైనా అద్దం ముందు కత్తెర పట్టుకుంటే 'సాధనా కట్టా?' అని ఇంట్లోవాళ్లు అడిగేంతగా.

ఇందులో చూడాల్సింది ఏంటంటే, ఆ కట్ ఫ్యాషన్ కోసం పుట్టలేదు. ఒక మనిషి నుదురుకి, ఒక కెమెరాకి కుదిరిన ఏర్పాటది. నుదురు వెడల్పు, జుట్టు సాఫీ, పని కెమెరా ముందు. మూడూ కలిశాయి. దాన్ని చూసి కత్తిరించుకున్న వేలమందిలో నుదురు చిన్నదిగా ఉన్నవాళ్లు, ఉంగరాల జుట్టు ఉన్నవాళ్లు ఎంతమంది ఉండుంటారో! వాళ్ల ఫొటోలు ఆల్బమ్‌లలో ఉన్నాయి, మీ ఇంట్లోనూ ఒకటి దొరకొచ్చు. దొరికితే జాగ్రత్తగా చూడండి. మీ జుట్టు ఎవరి పోలికో తెలుస్తుంది.

అదే 1960లో వచ్చిన బిమల్ రాయ్ 'పరఖ్'లో సాధన ముంగురులు లేకుండా, సాదాసీదా పల్లెటూరి అమ్మాయిగా కనిపించారు. మనిషి ఒకరే. పాత్ర మారితే నుదురు మారింది.

తెర మీద ముంగురుల వెనక ఓ చెయ్యి

ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల ఉండేవాళ్లకి తెలిసిన సంగతొకటుంది. తెర మీద గాలికి అందంగా కదిలే ముంగురులు హెయిర్ కట్ ఒక్కదానివల్ల రావు. షాట్‌కీ షాట్‌కీ మధ్య దువ్వెన పట్టుకుని పరుగెత్తుకొచ్చే హెయిర్ డ్రెస్సర్ వల్ల వస్తాయి. మనకి ఆఫీసులో మీటింగ్‌కీ మీటింగ్‌కీ మధ్య ఎవరూ అలా రారు.

(అన్నట్టు, హిందీ సినిమా సెట్లలో జుట్టు దువ్వే పని ఆడవాళ్లది, మేకప్ పని మగవాళ్లది అని యూనియన్ ఏళ్ల తరబడి గీత గీసి కూర్చుంది. చారు ఖురానా అనే మేకప్ ఆర్టిస్ట్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2014 నవంబరులో ఆ గీత చెరిపించారు.)

సినిమావాళ్లకి ఇంకో తలనొప్పి, కంటిన్యుటీ. ఇంట్లోంచి హీరోయిన్ బయటికి వచ్చే షాట్ ఇవాళ తీస్తారు. అదే సీన్‌లో ఆమె వీధిలోకి అడుగుపెట్టే షాట్ రెండు మూడు నెలల తర్వాత ఇంకో షెడ్యూల్‌లో తీయొచ్చు. జుట్టు నెలకి దాదాపు ఒకటింపావు సెంటీమీటర్లు పెరుగుతుంది. అంటే మొదటి షాట్‌లో కనుబొమల దగ్గర ఉన్న ముంగురులు రెండో షాట్‌కి ముక్కు మీద ఉంటాయి. అందుకే చాలాసార్లు అసలు జుట్టు జోలికి పోకుండా విగ్గు పెడతారు, లేదంటే ముందు భాగానికి మాత్రమే ప్యాచ్ పెడతారు.

చెక్‌పోస్ట్ దాటి కిందికి దిగితే కృష్ణానగర్. జూనియర్ ఆర్టిస్టుల అడ్డా. అక్కడి అమ్మాయిలకి ఇవాళ కాలేజీ సీన్ పడితే రేపు జాతర సీన్ పడొచ్చు. నుదుటి మీద గుబురుగా కత్తిరించేసుకుంటే కాలేజీ సీన్‌కి సరే, తల మీద కుండ పెట్టుకుని నడిచే సీన్‌కి ఎవరు పిలుస్తారు? వెనక్కి దువ్వితే దాక్కునే, ముందుకి వదిలితే కనిపించే పొడవు ఉంటే రెండు సీన్లకీ సరిపోతుంది. ఆ మాట ఫ్యాషన్ కోసం కాదు, జుట్టు కూడా పనిముట్టే కాబట్టి. మీకు మాత్రం వేరేనా? ఇంటర్వ్యూలు, కజిన్ పెళ్లి, పాస్‌పోర్ట్ ఫొటో అన్నీ వరసగా ఉన్నాయి కదా.

కాబట్టి సినిమావాళ్ల దగ్గర మనం కొట్టేయాల్సింది కట్ కాదు, ముందు పెట్టుకుని చూసే అలవాటు. క్లిప్-ఆన్ బ్యాంగ్స్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో అన్నిచోట్లా దొరుకుతున్నాయి. సింథటిక్‌వి చవక, కానీ మెరుపు చూడగానే పట్టిస్తుంది, పైగా హీట్ తగిలితే కరుగుతాయి. అసలు జుట్టుతో చేసినవి ఖరీదు. మన దేశంలో గుళ్లలో భక్తులిచ్చిన తలనీలాలు వేలానికి వెళ్లి, విగ్గులుగా, ఎక్స్‌టెన్షన్లుగా ప్రపంచమంతా తిరుగుతాయి. తిరుమలలో మీ అమ్మ ఇచ్చిన మూడు కత్తెర్లు ఏ దేశంలో ఎవరి నుదుటి మీద ఊగుతున్నాయో ఎవరికి తెలుసు!

క్లిప్ పెట్టుకుని ఫొటో దిగి 'బాగుంది' అనుకుంటే సరిపోదు. దాంతో ఒక పూర్తి రోజు గడపండి. అన్నం తినండి, బండి నడపండి, మధ్యాహ్నం రెండింటికి ఎండలో నడవండి. సాయంత్రానికి ఎన్నిసార్లు చేత్తో పక్కకి తోశారో లెక్కపెట్టండి. చెయ్యి పదే పదే నుదుటి మీదకి పోతోందంటే ముఖం ఆకారంతో పనిలేదు, మీకు నప్పలేదు అంతే.

ముందు సుడి సంగతి

రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లు అంటారు కదా. ఆ మాట మీద నాకు నమ్మకం లేదు గానీ, నుదుటి అంచున సుడి ఉంటే బ్యాంగ్స్‌తో రెండు గొడవలు మాత్రం ఖాయం. ఒకటి, మధ్యలో చీలిపోతాయి. రెండు, ఒక పక్క పైకి లేచి నిలబడతాయి. చాలామందికి తమకి ముందు సుడి ఉన్నట్టే తెలీదు, ఎందుకంటే పొడుగు జుట్టు బరువుకి అది అణిగి ఉంటుంది. కత్తిరించగానే బరువు పోతుంది, సుడి లేచి కూర్చుంటుంది.

తెలుసుకోవడం తేలికే. తలస్నానం చేసి, టవల్‌తో అద్దేసి, దువ్వెన పెట్టకుండా తలని ఒకసారి ముందుకీ వెనక్కీ ఊపి, ఫ్యాన్ కింద ఆరనివ్వండి. ఆరాక అద్దంలో నుదుటి అంచు చూడండి. వెంట్రుకలు కుదురు దగ్గరే ఒక పక్కకి వంగి ఉన్నాయా, గుండ్రంగా తిరిగి ఉన్నాయా? అయితే నిండు బ్యాంగ్స్, అంటే కనుబొమల మీదుగా గీత గీసినట్టు ఉండేవి, వద్దు. సుడి ఎటు తోస్తోందో అటే పక్కకి వదిలే సైడ్ బ్యాంగ్స్ గానీ, మధ్యలోనే చీలితే కర్టెన్ బ్యాంగ్స్ గానీ వేయించుకోండి. సుడితో పోట్లాడితే రోజూ పొద్దున్నే ఇరవై నిమిషాలు పోతాయి.

జుట్టు తీరు కూడా ఇక్కడే చూసుకోవాలి. ఉంగరాల జుట్టు వాళ్లకి బ్యాంగ్స్ పనికిరావని ఓ అపోహ ఉంది. బాగా పనికొస్తాయి. కాకపోతే తడిలో కళ్ల దాకా ఉన్న పాయ ఆరాక చుట్టుకుని నుదుటి మధ్యకి వెళ్లిపోతుంది. అందుకని ఆరిన తర్వాత, ఉంగరం ఉంగరంగా ఉన్నప్పుడే, ఒక్కో చుట్టు చూసి కత్తిరించాలి. 'ముందు స్ట్రెయిటెనింగ్ చేయించుకోండి మేడమ్, తర్వాత బ్యాంగ్స్' అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. కుదుళ్ల దగ్గర ఉంగరాలుగా కొత్త జుట్టు, చివర్లో కర్రలా సాఫీ జుట్టు, ఆ రెండిటినీ నుదుటి మీద పెట్టుకుని తిరగడం ఎవరి వల్లా కాదు.

పల్చటి జుట్టు ఉన్నవాళ్లు లెక్క ఒకటి వేసుకోవాలి. బ్యాంగ్స్ గాల్లోంచి రావు, మీ జడలోంచే వస్తాయి. ముందుకి ఎంత తీస్తే వెనక అంత తగ్గుతుంది. సీ-త్రూ బ్యాంగ్స్ వీళ్లకే బాగా కుదురుతాయి, తక్కువ జుట్టుతో పనైపోతుంది. జుట్టు గుప్పెళ్లతో ఊడుతుంటే, పాపిట వెడల్పవుతుంటే మాత్రం కత్తెర ఆపి ముందు స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇప్పుడు ముఖం

ఫేస్ షేప్ తెలుసుకోడానికి సెల్ఫీ మాత్రం తీసుకోవద్దు. ఫోన్ దగ్గరగా పెడితే ముక్కు పెద్దదవుతుంది, ముఖం సన్నగా వస్తుంది. జుట్టంతా వెనక్కి లాగి బ్యాండ్ పెట్టుకుని, ఐదారడుగుల దూరంలో ఎవరినైనా నిలబెట్టి, వాళ్ల చేత కొంచెం జూమ్ చేయించి, కళ్లకి సమానమైన ఎత్తులో ఫొటో తీయించుకోండి. ఆ ఫొటో మీద మూడు వెడల్పులు చూడండి: నుదురు, బుగ్గ ఎముకలు, దవడ. తర్వాత పొడవు: జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం దాకా.

పొడవు బాగా ఎక్కువగా ఉంటే మీది కోల ముఖం. బ్యాంగ్స్ వల్ల ఎక్కువ లాభపడేది వీళ్లే, ఎందుకంటే నుదుటిని కప్పితే ముఖం పొడవులో కొంత కనపడకుండా పోతుంది. నిండు బ్యాంగ్స్ ధైర్యంగా వేయించుకోవచ్చు. కళ్లు చెప్పినట్టు కనపడతాయి.

గుండ్రటి ముఖం వాళ్లకి తిన్నగా అడ్డంగా గీత గీసిన బ్యాంగ్స్ వద్దంటారు. ఆ సలహా చాలామటుకు నిజమే, అడ్డగీత ముఖాన్ని ఇంకా కురచ చేస్తుంది. మధ్యలో కాస్త నుదురు కనపడేలా, పక్కలకి వెళ్లేకొద్దీ పొడుగై బుగ్గ ఎముక కిందికి వచ్చే కర్టెన్ బ్యాంగ్స్ అయితే ముఖం సాగినట్టుంటుంది. బ్లాక్‌పింక్ లీసాని చూసి నిండు బ్యాంగ్స్ అడిగేవాళ్లు చాలామంది. ఆమె బ్యాంగ్స్ ఆమె సంతకం లాంటివి, ఒప్పుకుంటాను. కానీ అవి జారుడు జుట్టు మీద, స్టైలిస్టుల చేతుల మీద నిలబడ్డ బ్యాంగ్స్ అని మర్చిపోకండి.

దవడ వెడల్పుగా, కోణాలతో ఉంటే చతురస్రం. దీనికి కావాల్సింది మెత్తదనం. అంచులు కత్తిరించినట్టు కాకుండా చిదిపినట్టు ఉండే పల్చటి బ్యాంగ్స్, లేదా పక్కకి వాలేవి. నుదురు వెడల్పు, గడ్డం సన్నం అయితే పానాకారం. సాధన కథ చదివారుగా, నుదుటిని కాస్త కప్పితే చాలు, గడ్డానికీ నుదుటికీ పొత్తు కుదురుతుంది. ఇక అన్నీ సమంగా ఉన్న కోడిగుడ్డు ఆకారం వాళ్లకి ఏదైనా నప్పుతుంది. వాళ్ల గురించి రాయడానికేమీ లేదు, అదృష్టవంతులు.

ఆకారం కంటే నుదురు ఎత్తు నాకు ముఖ్యమనిపిస్తుంది. కనుబొమల పైన మూడు వేళ్లు అడ్డంగా పెట్టి చూడండి. మూడో వేలు జుట్టులోకి వెళ్లిపోతే మీది చిన్న నుదురు. దాని మీద నిండు బ్యాంగ్స్ వేస్తే ముఖం మీద టోపీ పెట్టినట్టుంటుంది. మీకు కావాలంటే పాయ కాస్త వెనకనుంచి తీసుకుని పల్చగా, పొడుగ్గా వదలండి.

రెండు విషయాలు ఏ చార్ట్‌లోనూ ఉండవు. ఒకటి కళ్లజోడు. ఫ్రేమ్ మీద బ్యాంగ్స్ చివర్లు ఆనితే రోజంతా గిలిగింతలే, అద్దాల మీద జిడ్డు మరకలే. సెలూన్‌కి లెన్సులు పెట్టుకుని కాదు, రోజూ పెట్టుకునే జోడు పెట్టుకునే వెళ్లండి. రెండోది బొట్టు. రోజూ బొట్టు పెట్టుకునే అలవాటుంటే నిండు బ్యాంగ్స్ కింద అది దాక్కుంటుంది, చెమటకి కుంకుమ అయితే వెంట్రుకలకి అంటుకుంటుంది. కర్టెన్ బ్యాంగ్స్ అయితే సరిగ్గా బొట్టు చోటు వదిలేసి విడిపోతాయి.

కుర్చీలో కూర్చున్నాక

రోడ్ నంబర్ 36లో అద్దాల సెలూన్‌కి వెళ్లినా, మీ వీధి చివర బ్యూటీ పార్లర్‌కి వెళ్లినా అడగాల్సినవి ఇవే. జుట్టు ఆరాక కత్తిరించమనండి. తడి వెంట్రుక సాగుతుంది, ఆరాక పైకి పోతుంది. మొదటిసారి ముక్కు మొదలయ్యే చోటు దాకా పొడవు ఉంచమనండి, కనుబొమల దాకా వద్దు. ఇంట్లో రెండు రోజులు చూసుకుని, కావాలంటే మళ్లీ వెళ్లి తగ్గించుకోవచ్చు. కొన్నిచోట్ల ఆ రెండో ట్రిమ్‌కి డబ్బులు తీసుకోరు, ముందే అడిగి పెట్టుకోండి.

పాయ ఎక్కణ్నుంచి తీస్తున్నారో చూడండి. దువ్వెనని నడినెత్తి మీద బల్లపరుపుగా ఆనిస్తే, ముందువైపు తల వాలడం మొదలైన చోట దువ్వెనకీ తలకీ మధ్య సందు వస్తుంది. మామూలుగా త్రికోణం కొస అక్కడుంటుంది. అడుగు రెండు కనుబొమల చివర్లకి మించి పోకూడదు. అది దాటి చెవుల వైపు వెళ్తుంటే 'ఆగండి' అనండి. మొహమాటం వద్దు. మొహమాటపడిన ఆ ఒక్క నిమిషానికి నెలల తరబడి క్లిప్పులు పెట్టుకోవాల్సి వస్తుంది.

ఫొటో చూపిస్తారా? మంచిదే. అయితే హీరోయిన్ రెడ్ కార్పెట్ ఫొటో కాదు, మీలాంటి జుట్టు ఉన్న మనిషి ఫొటో. దాంతోపాటు మీ జుట్టు మామూలు రోజు సాయంత్రం ఎలా ఉంటుందో ఆ ఫొటో కూడా చూపించండి. స్టైలిస్టుకి రెండోదే ఎక్కువ పనికొస్తుంది.

చెమట, హెల్మెట్, బోరు నీళ్లు

ఇక కాపురం మొదలు. తలస్నానం తర్వాత బ్యాంగ్స్‌కి మీరిచ్చే టైమ్ రెండు మూడు నిమిషాలే. మిగతా జుట్టు తడిగా ఉన్నా పర్లేదు, ముందు వీటిని ఆరబెట్టాలి. గాలికి వాటంతటవే ఆరాయంటే ఎలా ఆరితే అలాగే రోజంతా ఉంటాయి. డ్రయ్యర్ మూతి కిందికి పెట్టి, పలకలాంటి బ్రష్‌తో ఒకసారి పూర్తిగా ఎడమకి, ఒకసారి పూర్తిగా కుడికి, మళ్లీ ఎడమకి దువ్వుతూ ఆరబెట్టండి. కుదుళ్లకి ఎటు పడాలో తెలీక మధ్యలో నిలబడతాయి. సుడి ఉన్నవాళ్లకీ ఇదే మందు. గుండ్రటి బ్రష్ పెట్టి లోపలికి చుట్టేస్తే ఎనభైల నాటి సీరియల్‌లా అవుతుంది. కొరియాలో అమ్మాయిలు వెల్క్రో రోలర్ ఒకటి నుదుటి మీద చుట్టుకుని అలాగే బస్సెక్కేస్తారు, దిగేముందు తీసేస్తారు. మన మెట్రోలో ఆ ధైర్యం ఉంటే చేయొచ్చు. లేదంటే కాఫీ తాగేంతసేపు ఇంట్లోనే పెట్టుకోండి.

బ్యాంగ్స్ మిగతా జుట్టు కంటే త్వరగా జిడ్డు పడతాయి. నుదుటి నూనె, సన్‌స్క్రీన్, చెమట అన్నీ వాటికే కదా. అందుకని రోజూ తలంటుకోనక్కర్లేదు. మిగతా జుట్టంతా వెనక్కి కట్టేసి, సింక్ దగ్గర ముందు పాయ ఒక్కటే చుక్క షాంపూతో కడిగేయండి. మూడు నిమిషాల పని. సన్‌స్క్రీన్ రాసుకున్నాక అది ఇంకేదాకా బ్యాంగ్స్‌ని క్లిప్‌తో పైకి పెట్టండి. టైమ్ లేనప్పుడు డ్రై షాంపూ. అది లేకపోతే అరచేతిలో కాస్త టాల్కమ్ పౌడర్ వేసుకుని, బాగా దులిపేసి, వేళ్లతో కుదుళ్లకి అద్దండి. నల్లటి జుట్టు కాబట్టి ఎక్కువైతే తెల్లగా బయటపడిపోతుంది.

హైదరాబాద్‌లో బోరు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు, కుళాయి అంచున తెల్లటి పొర చూసే ఉంటారు. ఆ ఉప్పే వెంట్రుకల మీదా పేరుకుంటుంది. జడ మీద అంతగా తెలీదు గానీ బ్యాంగ్స్ మీద వెంటనే తెలుస్తుంది, పీచుపీచుగా అయి మాట వినవు. ఇల్లంతటికీ సాఫ్ట్‌నర్ పెట్టించలేం కదా. చివరగా ఒక గ్లాసు ఫిల్టర్ నీళ్లు ముందు పాయ మీద పోసుకుంటే చాలు. ఉన్నదే గుప్పెడు జుట్టు.

నూనె మానక్కర్లేదు. రాత్రి కొబ్బరినూనె పెట్టుకునేటప్పుడు ముందు పాయని విడిగా పైకి చుట్టి క్లిప్ పెట్టి, మిగతా తలకి రాయండి. నుదుటి అంచున చిన్నచిన్న మొటిమలు వస్తుంటే చాలాసార్లు నేరస్థురాలు ఆ నూనే. బ్యాంగ్స్ కింద అవి కనపడవు, అదే ప్రమాదం, దాక్కుని పెరుగుతాయి. మొటిమలు ఎక్కువగా ఉన్నప్పుడు ఇంట్లో ఉన్నంతసేపూ నుదురు ఖాళీగా ఉంచండి.

హెల్మెట్ దగ్గర ఒకటే సూత్రం. బ్యాంగ్స్‌ని కిందికి వదిలి హెల్మెట్ పెట్టొద్దు. మొత్తం పైకి, వెనక్కి తోసి, పల్చటి కాటన్ స్కార్ఫ్ కట్టి, దాని మీద హెల్మెట్ పెట్టుకోండి. మెటల్ క్లిప్ మాత్రం హెల్మెట్ లోపల వద్దు, పడితే గుచ్చుకుంటుంది. దిగాక తలని ముందుకి వంచి వేళ్లతో కుదుళ్లు కదిపి వదిలితే చాలా వరకు లేచి వస్తాయి. ఇది రోజుకి నాలుగుసార్లు చేసే ఓపిక లేకపోతే, మళ్లీ మొదటికొస్తాం, నిండు బ్యాంగ్స్ మీకు కాదు. కర్టెన్ బ్యాంగ్స్ ఒక్కటే హెల్మెట్‌ని కొంచెం క్షమిస్తుంది.

మూడు నాలుగు వారాలకి ట్రిమ్ తప్పదు. ఇంట్లోనే చేస్తానంటే వంటింటి కత్తెర, కాగితాల కత్తెర ముట్టుకోకండి. జుట్టుకే వాడే పదునైనది ఒకటి కొనుక్కోండి. జుట్టు పూర్తిగా పొడిగా ఉండాలి. మిగతా జుట్టంతా కట్టేసి, ముందు పాయని లాగకుండా రెండు వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని, కత్తెరని అడ్డంగా కాకుండా నిలువుగా పెట్టి, మధ్యలోంచి మొదలుపెట్టి కొసల్ని చిన్నచిన్నగా చిదపండి. ఒకసారికి రెండు మిల్లీమీటర్లు. వదిలేసి చూడండి. మళ్లీ రెండు. రాత్రి పదకొండింటికి మూడ్ బాగోలేనప్పుడు ఈ పని అసలు చేయొద్దు. ఆ టైమ్‌లో కత్తెర తీసే అమ్మాయిలందరికీ కావాల్సింది బ్యాంగ్స్ కాదు, ఫోన్ ఎత్తే ఫ్రెండ్.

ఇంట్లో పెళ్లుంటే క్యాలెండర్ చూడండి

కనుబొమల దాకా కత్తిరించిన జుట్టు గడ్డం దాకా రావాలంటే పన్నెండు సెంటీమీటర్లు పెరగాలనుకుందాం. నెలకి ఒకటింపావు చొప్పున దాదాపు పది నెలలు. అంతకాలం అది బ్యాంగ్సూ కాదు, జుట్టూ కాదు. మూడో నెల మరీ ఘోరం, సరిగ్గా కళ్లలో పడుతుంది. 'కాస్త పైకి దువ్వుకోవే, కళ్లు పోతాయి' అని అమ్మ అనేది అప్పుడే. ఆ నెలల్లో రెండు పక్కలా సన్నగా మెలితిప్పి పిన్ను పెట్టడం, లేదా పక్క పాపిట తీసి చిన్న ఫ్రెంచ్ జడలా అల్లేయడం మేలు. నాలుగో నెలలో సెలూన్‌కి వెళ్లి అంచుల్ని ఏటవాలుగా మార్పిస్తే కర్టెన్ బ్యాంగ్స్‌గా ఇంకో రెండు మూడు నెలలు హాయిగా నడుస్తాయి. పెంచాలనుకున్నాక మధ్యలో 'ఇంకొక్కసారి' అని ట్రిమ్ చేయిస్తే లెక్క మళ్లీ సున్నా.

మీ పెళ్లే అయితే ఈ లెక్క ఇంకా గట్టిగా వేసుకోవాలి. మన పెళ్లికూతురికి నుదురు కావాలి. పాపిడి బిళ్ల సరిగ్గా మధ్య పాపిట మీద పడాలి. కల్యాణ తిలకం కనపడాలి. బాసికం దారం నుదుటి చుట్టూ కడతారు, దాని కింద నలిగిన బ్యాంగ్స్ ముహూర్తం అయ్యేసరికి దారానికి అటూ ఇటూ లేచి నిలబడతాయి. జీలకర్ర బెల్లం చల్లగా జారి ముందు పాయకి అంటితే దువ్వెన దిగదు. తలంబ్రాల గింజలు అందులో చిక్కుకుని రిసెప్షన్ దాకా రాలుతూనే ఉంటాయి.

శ్రావణంలో కత్తిరించుకుని మాఘంలో పెళ్లంటే ఆరు నెలలు, ఏడెనిమిది సెంటీమీటర్లు. పై పెదవి దాకా వస్తుంది. పక్కకి దువ్వి పాపిడి చేరు కింద దాచేయొచ్చు, ఇబ్బంది లేదు. ఆషాఢంలో కత్తిరించుకుని శ్రావణంలో పెళ్లంటే మాత్రం దాచే దారి లేదు. అలాంటప్పుడు కత్తెర పక్కన పెట్టి సంగీత్ రాత్రికి ఒక క్లిప్-ఆన్ కొనుక్కోండి. తెల్లారి మంగళస్నానం ముందు తీసేసి డబ్బాలో పెట్టేయొచ్చు.